ఎవరూ దాటని చోటు

మా హైమక్క మిక్సీ వైరు తగిలి పడిపోయిందని బావ చివరిదాకా నమ్మాడు. పడిపోవడం వరకు నిజమే. విశాఖపట్నంలో వాళ్ళ ఫ్లాటు వంటగట్టు మీద ఉన్న ప్లగ్గుల్లో ఒకటి ఫ్రిజ్‌ది, ఇంకొకటి నీళ్ళ ఫిల్టరుది. మిక్సీ తిప్పాలంటే హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ పెట్టె లాక్కురావాలి. ఆ వైరు వంటగది గుమ్మానికి అడ్డంగా చీలమండ ఎత్తున వేలాడేది. అక్క చట్నీ గిన్నెతో దాన్ని దాటబోయి బోర్లా పడింది. ఆసుపత్రిలో డాక్టరు ఆమె పాదాన్ని పైకీ కిందికీ ఆడించి చూసి, వైరు తగలకముందే ఈ పాదం సరిగ్గా లేవడం మానేసిందన్నాడు. నరాల జబ్బు. కాళ్ళతో మొదలై చేతులకు, మాటకు, ఊపిరికి పాకుతుంది. వెనక్కి మళ్ళదు.

బావ ఆ మాట విన్నాడు. ఇంటికొచ్చి వైర్లు సర్దడం మొదలుపెట్టాడు.

నేను ఊరినుంచి అక్కకు సాయంగా వచ్చేసరికి హాలంతా అదే పని. టీవీ వెనక, వైఫై పెట్టె వెనక, మంచం కింద దుమ్ము పట్టి ముడులు పడిన వైర్లను బావ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, గోడకు క్లిప్పులు కొట్టేవాడు. మేకు దిగని చోట అంటు టేపు వేసేవాడు. సముద్రపు గాలికి ఆ టేపు తడిసి ఊడేది. పొద్దున్నే లేచేసరికి వైర్లు మళ్ళీ నేల మీద ఉండేవి.

అక్క అప్పటికి కుర్చీలో కూర్చునేది. మాట కాస్త ముద్దగా వచ్చేది, వెటకారం మాత్రం తగ్గలేదు.

"పెళ్ళిచూపుల్లో నా జడనైనా ఇంత శ్రద్ధగా చూడలేదే పైడీ, మీ బావ," అంది నాతో.

"జడ తగిలి ఎవరూ పడలేదు కదా," అన్నాడు బావ, తల తిప్పకుండా.

"మీరు పడ్డారుగా."

బావ నవ్వాడు. నవ్వుతూనే ఇంకో క్లిప్పు కొట్టాడు.

బావ పేరు కూర్మారావు. కృత్రిమ కండరాలు తయారుచేసే ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేవాడు. వెంట్రుకంత దారాల పోగు అది. కొద్దిగా కరెంటు పారితే సాగుతుంది, ముడుచుకుంటుంది. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని. ఒకరోజు అక్క అడిగింది, "అదేదో నాకే పెట్టెయ్యొచ్చు కదా?" అని.

"శరీరం తీసుకోవడం లేదు హైమా. వైరైతే తీసుకుంటుంది."

అలా ఆ పోగులే పైతొడుగుగా, తనంతట తానే జరిగే తీగ పుట్టింది.

*

ప్రయోగశాల వాళ్ళు సీతమ్మధారలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని, అందులో ఫ్రిజ్, టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ పెట్టారు. అక్కను చూడటానికి పగలు నర్సు వచ్చే రోజుల్లో బావ నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. నడవడమే అక్కడ నా పని. ఊడ్చాలి, నీళ్ళు మోయాలి, బట్టలు ఆరెయ్యాలి. ఇల్లాలు ఇంట్లో ఎలా తిరుగుతుందో అలా తిరగాలి. నాతో పాటు ఇంకొంతమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు వచ్చేవారు.

తీగ పైతొడుగుకు నేల అదురు తెలుస్తుంది. అడుగు పడిన చోటునుంచి అది జరిగిపోతుంది. అడుగులు పడని చోటు వెతుక్కుని, అక్కడ పలచగా అణిగి దాక్కుంటుంది. కదలడం కంటికి కనిపించదు. గోరింటాకు పండినట్టే, చూస్తూ కూర్చుంటే ఏమీ తెలియదు. పని చేసుకుని వచ్చి చూస్తే ఇస్త్రీపెట్టె తీగ గుమ్మంలోంచి గోడ మూలకు పోయి ఉండేది. ఒక తీగ నేర్చుకున్నది ప్లగ్గుల గుండా ఆ ఇంట్లోని తీగలన్నిటికీ తెలిసిపోయేది.

"మీ పేరుకి తగ్గ వేగమే సార్," అనేది రెహానా. బావతో పనిచేసే ఇంజనీరు ఆమె. తీగలు ఏం నేర్చుకున్నాయో కంప్యూటరులో చూసేది ఆమే. ఇంటి పటం మీద అడుగులు పడే చోట్లు ఎర్రగా, పడని చోట్లు నీలంగా కనిపించేవి. నీలం ఉన్న చోటికి తీగ పోతుంది.

తెగిన తీగ వేలాడి ఎవరికీ షాకు కొట్టకూడదని బావ ఇంకో ఏర్పాటు చేశాడు. కోసినా, గట్టిగా లాగినా, కరెంటు పోయినా తీగ వదులవదు. పట్టుకున్న చోటనే బిగుసుకుంటుంది. బావకు అన్నిటికన్నా గర్వం ఆ ఏర్పాటంటేనే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ అందరం కాసేపు నడుం వాల్చేవాళ్ళం. హాల్లో ఒకరు, గది గుమ్మంలో ఒకరు, ఎక్కడ గాలి తగిలితే అక్కడ చాప. లేచినవాళ్ళు పడుకున్నవాళ్ళ తలవైపు నుంచో కాళ్ళవైపు నుంచో చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. చోటు ఇరుకైతే భుజం తట్టి, "కొంచెం కాళ్ళు ముడుచుకోవా" అనేవాళ్ళు. మనిషిని దాటకూడదు కదా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ దాటలేదు.

*

ఇంట్లో తీగలు వేసిన రోజు అక్క కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా చూసింది. నేను వంటగదికీ హాలుకీ తిరుగుతూనే ఉన్నాను. దీపాలు పెట్టే వేళకు మిక్సీ తీగ ఫ్రిజ్ వెనక్కి, టీవీ తీగ గోడ పగులులోకి వెళ్ళిపోయాయి. నేల మీద ఒక్క వైరు లేదు. అక్కకు అప్పటికి మాట దాదాపు పోయింది. కష్టపడి ఒక్క ముక్క అంది.

"సిగ్గు."

"సిగ్గుపడుతున్నాయి అంటోంది," అన్నాను. బావ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక పడదు అన్నాడు. ఆమె అప్పటికి నడవడం మానేసి చాలాకాలమైంది.

మా అంతస్తువాళ్ళు వచ్చి చూశారు. పక్కవాళ్ళు వేయించుకున్నారు, పైవాళ్ళు వేయించుకున్నారు. గోడల్లో తీగలు ఒకదానితో ఒకటి కలిసి, ఏ తీగ ఏ ఇంటిదో చెప్పలేని స్థితి వచ్చింది. అందరికీ అది బాగానే ఉంది. ఇళ్ళు ఫొటోలో ఉన్నట్టున్నాయి.

ఊపిరి మందగించాక అక్క గొంతులో గొట్టం పెట్టారు. మంచం పక్కన ఊపిరి యంత్రం, కఫం లాగే యంత్రం, పుండ్లు పడకుండా గాలిపరుపు. అమ్మ ఊరినుంచి వచ్చేసింది. అక్క శరీరంలో కదిలేవి కళ్ళు మాత్రమే. పైకి చూస్తే అవును. మూస్తే కాదు.

ఒక ఉదయం అమ్మ దుప్పటి మార్చబోయి కేక పెట్టింది.

"ఓలమ్మ! పాము! పామే పైడీ!"

నేను పరిగెత్తాను. అక్క ఎడమ చేతి కింద నుంచి ఒక తీగ పైకి వచ్చి, మోచేతికి చుట్టుకుని, మళ్ళీ నడుం కిందికి పోయింది. చర్మానికి అంటుకుని పలచగా, నిశ్చింతగా ఉంది. ఊపిరి యంత్రం తీగ కాదది. ఆ గదిది కూడా కాదు. మిక్సీ తీగ.

బావ వచ్చి చూసి మొదట ఆశ్చర్యపోయాడు. వంటగదినుంచి ఇంత దూరం వచ్చిందా అన్నాడు. ఆ గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది. తరవాత మెల్లగా విప్పబోయాడు. తీగ బిగుసుకుంది. అక్క చేయి నీలంగా మారడం మొదలైంది. బావ వదిలేశాడు. అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"కోసెయ్ బాబూ, ఏటి సూస్తన్నావు!" అంది అమ్మ.

"కోస్తే ఇంకా బిగుస్తుందత్తయ్యా."

"మరి కరెంటు కట్టెయ్యి."

"అప్పుడూ అంతే."

అమ్మ అతని ముఖంలోకి చూసింది. "అలాటిది ఏల సేసినావు నాయనా?"

బావ దుప్పటి అంచు పట్టుకున్నాడు.

దుప్పటి పూర్తిగా తీసి చూస్తే వీపు కింద ఇంకో తీగ, ఆ పక్కన ఇంకొకటి. గోడల్లో ఉన్నవన్నీ నెమ్మదిగా ఇటే బయలుదేరాయి.

*

రెహానా తన కంప్యూటరు పట్టుకుని ఇంటికే వచ్చింది. సీతమ్మధార ఫ్లాటు పటం తెరిచి చూపించింది. గోడ మూలలన్నీ లేత నీలం. హాలు మధ్యలో, గుమ్మాల దగ్గర కొన్ని చోట్ల మాత్రం సిరా ఒలికినట్టు ముదురు నీలం. ఒక్కొక్కటి చాపంత ఉంది. ఎర్రటి అడుగుల దారులు వాటి దాకా వచ్చి, పక్కకు తిరిగి, చుట్టివెళ్ళి మళ్ళీ కలుస్తున్నాయి.

"ఇవేమిటో అప్పుడు అర్థం కాలేదు సార్. సామాన్లు పెట్టారేమో అనుకున్నాను," అంది.

నాకు ఆ చోట్లు తెలుసు. "అది మనం పడుకునే చోటు," అన్నాను. "అందరం చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం కదా."

రెహానా నా వైపు, తరవాత పటం వైపు చూసింది. "మా అమ్మమ్మ, మా నానీ కూడా దాటనిచ్చేది కాదు," అంది మెల్లగా. "నేనూ దాటలేదు."

గోడ మూలకైనా చీపురు వస్తుంది. ఫ్రిజ్ వెనక్కైనా ఎప్పుడో ఒక చేయి వస్తుంది. పడుకున్న మనిషి మీదుగా మాత్రం ఎవరి అడుగూ పోదు. వెచ్చగా, కదలకుండా పడుకున్న మనిషిని మించిన భద్రమైన చోటు ఇంట్లో లేదని తీగలు నేర్చుకున్నాయి. మామూలు మనిషైతే పొర్లుతాడు, లేస్తాడు, తీగ వెనక్కి పోతుంది. అక్క పొర్లదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు బావ. ప్రయోగశాలలో అందరూ అతన్ని అడిగే మాట అది.

"నేర్పినట్టే మరిపించాలి సార్. ఆమెని దాటాలి. రోజంతా, చాలామంది."

ఆ రోజంతా పట్టింది అక్కను నేల మీదికి దించడానికి. పరుపుతో సహా, తీగలతో సహా, కింద దిళ్ళు పేర్చి ఒక్కొక్కటే తీస్తూ దించాం. హాలు మధ్యలో పరుపు వేశాం. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బతికున్న మనిషిని దాటతారేటే? అదేటన్నా పొలంగట్టనుకున్నావేటే? మీ సదువులు సట్టుబండలవ్వ!"

నేను అక్క దగ్గర కూర్చుని అడిగాను. "అక్కా, దాటనా?"

ఆమె నా ముఖం చూసింది. తరవాత కళ్ళు పైకెత్తింది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాటాను. వెనక్కి దాటాను. చిన్నప్పుడు పొరపాటున ఎవరినైనా దాటితే, దోషం పోవాలంటే వెనక్కి దాటమనేది అమ్మ. ఇప్పుడు ముందుకు దాటినా వెనక్కి దాటినా ఒకటే. రెండూ అడుగులే. కాలు ఆమె మీదుగా పోవడం ఒక్కసారీ అలవాటు కాలేదు. మరునాటి మధ్యాహ్నానికి మోచేతి తీగ కొంచెం వదులైంది. చర్మం మీద ఎర్రటి గాడి కనిపించింది.

"వదులుతోంది!" అని అరిచాడు బావ.

ఆ అరుపుకి అమ్మ వచ్చింది. గాడిని చూసింది. "అమ్మా, నా తల్లీ, తప్పుగాయమ్మా," అని కూతురికి దణ్ణం పెట్టి, గోడ పట్టుకుని, నొప్పి మోకాలితో ఆమెను దాటింది. దాటినప్పుడల్లా అదే మాట అంది.

బావ వంతు వచ్చింది. పరుపు పక్కన నిలబడ్డాడు. పాదం ఎత్తాడు. అక్క అతన్నే చూస్తోంది. ఎత్తిన పాదాన్ని దింపేసి, కాళ్ళవైపు నుంచి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు.

"నావల్ల కాదు పైడీ."

"వైర్లకి చెప్పండి ఆ మాట," అన్నాను. అంత మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

*

నా అడుగులూ అమ్మ అడుగులూ సరిపోలేదు. మేం తినడానికి కూర్చుంటే తీగ తిరిగి వచ్చేది. కునుకు తీస్తే ఇంకాస్త వచ్చేది. మా అడుగులు ఏ వేళకు పడతాయో, ఏ వేళకు పడవో నేర్చుకుంది. బావ ఒక చెక్క కొయ్యకు మోటారు బిగించి పరుపు పక్కన నేలను కొట్టేలా చేశాడు. తీగలు ఒకపూట ఆగి, ఆ దెబ్బలన్నీ ఒకేలా ఉన్నాయని గ్రహించి ముందుకు వచ్చాయి. రెహానా రెండు రోజులు వచ్చి చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని దాటింది. ఆమెకూ ఇల్లుంది.

అంతస్తువాళ్ళను పిలిచాను. తీగలు బాగున్నాయని వేయించుకున్నవాళ్ళే. పళ్ళు తీసుకుని వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పరుపు చుట్టూ నిలబడ్డారు. విషయం చెప్పాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంతకన్నా ఏదైనా చెప్పమ్మా, చేస్తాం," అంది పక్కింటావిడ. ఏడుస్తూనే అంది. "జబ్బు మనిషిని దాటితే పాపం కదమ్మా. ఇంట్లో పిల్లలున్నారు."

పళ్ళు బల్ల మీద పెట్టి, వచ్చినట్టే చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళు అలా వెళ్ళిన దారి కూడా తీగలకు తెలిసింది. సాయంత్రానికి అక్క మెడ దగ్గరికి ఒక తీగ వచ్చింది.

మరునాడు నేను దాటబోతుంటే అక్క కళ్ళు మూసుకుంది.

"అక్కా?"

తెరిచింది. నా పాదాల వైపు చూసింది. అవి వాచి ఉన్నాయి. గోడకు ఆనుకుని మోకాలు నిమురుకుంటున్న అమ్మను చూసింది. మళ్ళీ మూసుకుంది.

"కాదంటే నేనొప్పుకోను," అన్నాను. దాటాను. ఆమె కళ్ళు తెరవలేదు. నేను దాటుతున్నంతసేపూ మూసుకునే ఉంది. ఆగితే తెరిచేది. నన్ను కూర్చోమన్నట్టు పక్కకు చూసేది.

చివరికి కూర్చున్నాను. తీగ గొంతు గొట్టం మీదికి వచ్చినప్పుడు, గొట్టానికీ తీగకూ మధ్య నా వేళ్ళు దూర్చి పట్టుకున్నాను. అమ్మ బావకు ఫోను చేసింది. అతను ప్రయోగశాలలో కొత్త పాఠం తయారుచేస్తున్నాడు, తీగలన్నిటికీ ఒకేసారి మరుపు వచ్చే పాఠం. వచ్చేసరికి నా వేళ్ళకు స్పర్శ పోయింది. యంత్రం మోగుతోంది.

"దాటండి బావా. మీ అడుగు వాటికి కొత్త. దాటండి!"

అతను పరుగున వచ్చినవాడు పరుపు అంచున ఆగిపోయాడు. అక్క కళ్ళు అతని మీదికి తిరిగాయి. అతను పాదం ఎత్తాడు. తరవాత, ఏడుస్తూ, తలవైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఆమె కుడి చేయి పట్టుకున్నాడు.

ఆమె అతన్ని చూసింది. కుర్చీలో కూర్చుని వెటకారం చేసే రోజుల్లో ఎలా చూసేదో అలాగే చూసింది. యంత్రం మోగుతూనే ఉంది. కొంతసేపటికి బావే లేచి దాన్ని ఆపాడు. కత్తెర తెచ్చి ఆమె ఒంటి మీది తీగలన్నీ కోశాడు. అవి బిగుసుకున్నాయి. ఇక బిగుసుకున్నా నష్టం లేదు.

*

స్నానం చేయించి, పసుపు రాసి, హాల్లోనే పడుకోబెట్టారు. తలవైపు దీపం పెట్టారు. ఊరినుంచి జనం వచ్చారు. ఫ్లాట్లవాళ్ళు వచ్చారు. హాలు నిండిపోయింది. ఒకరి మీద ఒకరు పడుతున్నారు కానీ ఆమె చుట్టూ దారి వదిలి, చుట్టూనే తిరుగుతున్నారు.

మొదట చూసింది అమ్మ. నా మోచెయ్యి పట్టుకుంది. ఫ్రిజ్ వెనక నుంచి, టీవీ వెనక నుంచి, గోడ పగుళ్ళలోంచి తీగలు బయటికి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఎవరికీ కనిపించనివి, అంతమంది కాళ్ళ మధ్యనుంచి తప్పుకుంటూ, ఆ ఒక్క చోటి వైపు వస్తున్నాయి. ఏడుపులు ఆగిపోయాయి. ఎవరో పాములన్నారు. ఒక తీగ అక్క పాదం పక్కకు చేరి అణిగింది.

బావ అప్పుడు లేచాడు. ఎవరినీ చూడలేదు. వెళ్ళి అక్కను దాటాడు. వెనక్కి దాటాడు. మళ్ళీ దాటాడు. దీపం మంట ఊగింది. మగవాళ్ళు "ఓరి బాబూ, శవాన్ని దాటతావేట్రా!" అంటూ అతని రెక్కలు పట్టుకోబోయారు.

"ఒగ్గీండి," అంది అమ్మ. "ఒగ్గీండి ఆయన్ని. ఇన్నాళ్ళకి దాటినాడు."

తీగ ఆమె పాదం దగ్గరనుంచి కొంచెం వెనక్కి జరిగింది. అందరూ చూశారు. బావ దాటుతూనే ఉన్నాడు, పాడె తెచ్చేదాకా.

ఆమెను తీసుకెళ్ళాక హాలు కడిగి, ఆమెను పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. దినాలు అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. ఆ చోటు ఎవరూ తొక్కరు. అమ్మ తొక్కదు, నేను తొక్కను. బావ వంటగదిలోంచి నీళ్ళ గ్లాసుతో వస్తూ, ఆ చోటి దాకా వచ్చి ఆగి, పక్కకు తిరిగి, గోడ వెంట నడిచి తన గదిలోకి వెళతాడు.

దీపం చుట్టూ తీగలన్నీ వచ్చి పడుకున్నాయి. తల ఉన్న చోట సన్నగా, భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ళ వైపు మళ్ళీ సన్నగా.